గడ్డి మైదానంలో ఒక పొదుపు సంఘం: దాతలకు కొన్ని పాఠాలు



ఉపాధ్యాయులం కాబట్టి మేము చదువు గురించి రాస్తామని మీరు అనుకొని ఉంటారు. ఈసారి అప్పు గురించి రాస్తున్నాం. కారణం మా తరగతి గదిలోనే ఉంది.

జూన్‌లో బళ్లు తెరుస్తాం. మీరిచ్చిన డబ్బుతో నోటు పుస్తకాలు, యూనిఫారాలు పంచుతాం. ఆగస్టు వచ్చేసరికి కొందరు పిల్లలు కనబడరు. ఇంటికి వెళ్లి అడిగితే తల్లి చెప్పే సమాధానం దాదాపు ఒక్కటే. పనులు లేని రోజుల్లో పదివేలు తెచ్చుకున్నాం, నూటికి ఐదు వడ్డీ, నెలకు అయిదువందలు కట్టాలి, అందుకని పెద్దోణ్ణి మెకానిక్ షాపులో పెట్టాం అంటుంది. పది నెలలు తిరిగితే వడ్డీయే అయిదు వేలు. మనం ఇచ్చిన పుస్తకాల ఖరీదు ఆ వడ్డీలో ఒక నెల భాగానికి కూడా సరిపోదు.

ఇది చూసి మేము కొందరం ఉపాధ్యాయులం కలిసి ఒకసారి చిన్న చేబదులు నిధి పెట్టాం. తలా కొంత వేసుకున్నాం. తెలిసినవారికి ఇచ్చాం. రెండేళ్లలో అది ఆగిపోయింది. డబ్బు తిన్నవాళ్లు ఎవరూ లేరు. తిరిగి కట్టమని అడగడానికి మాకు మొహమాటం. ఇచ్చింది మేస్టార్లే కదా, వాళ్లకు జీతాలున్నాయి అని తీసుకున్నవారి ధీమా. సరైన పద్దు లేదు. ఎందుకిలా జరిగిందని వెతుక్కుంటూ ఇతర దేశాల పొదుపు సంఘాల గురించి చదవడం మొదలుపెట్టాం. వాటిలో మా కళ్లు ఎక్కువగా తెరిపించినవి మంగోలియా పల్లెల్లోని సంఘాలు. మేము ఆ దేశం వెళ్లలేదు. పటం తగిలించి పిల్లల్ని ఊహలో తీసుకెళ్లినట్టే మిమ్మల్ని కూడా తీసుకెళ్తాం.

పటం మీద చూద్దాం

రష్యాకు, చైనాకు నడుమ ఉన్న దేశం మంగోలియా. విస్తీర్ణం 15 లక్షల 64 వేల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశంలో దాదాపు సగం. జనాభా మాత్రం సుమారు 35 లక్షలు. ఒక్క హైదరాబాద్ నగరంలోనే అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఆ కొద్దిమందిలోనూ దాదాపు సగం రాజధాని ఉలాన్‌బాతర్‌లోనే ఉన్నారు. ఎక్కువమంది బౌద్ధులు. పడమటి కొసన ఉన్న బయాన్-ఉల్గీ జిల్లాలో మాత్రం కజక్ ముస్లింలే ఎక్కువ.

దేశంలో 21 జిల్లాలున్నాయి. వాటిని ఐమగ్ అంటారు. ఐమగ్ కింద మన మండలం లాంటిది సుమ్. ఇవి మొత్తం 330 దాకా ఉన్నాయి. సుమ్ కేంద్రమంటే కొన్ని వందల ఇళ్లు, ఒక బడి, దాని పక్కన హాస్టలు, ఆసుపత్రి, పరిపాలన కార్యాలయం, ఒకటి రెండు దుకాణాలు. చుట్టూ కనుచూపు మేర గడ్డి. ఆ గడ్డిలో గెర్ అనే గుండ్రటి ఉన్ని గుడారాల్లో పశుపోషకులు ఉంటారు. రుతువును బట్టి గుడారం విప్పుకొని మరో చోటికి వెళ్తారు. మూడు నాలుగు కుటుంబాలు దగ్గర దగ్గరగా గుడారాలు వేసుకొని పనులు పంచుకుంటాయి. దాన్ని ఖోత్-ఐల్ అంటారు. గొర్రె, మేక, ఆవు (యాక్ ఇందులోకే వస్తుంది), గుర్రం, ఒంటె, ఈ ఐదూ వాళ్ల సంపద.

డబ్బున్న నెల, డబ్బు లేని నెల

వందల గొర్రెలు, మేకలు ఉన్నవాళ్లకు అప్పెందుకు అని అడగవచ్చు. మంద ఉన్నంత మాత్రాన చేతిలో డబ్బున్నట్టు కాదు. మేక ఒంటి మీది మెత్తటి నూగును వసంతంలో, ఏప్రిల్, మే నెలల్లో, దువ్వి తీస్తారు. అదే కాశ్మీరా ఉన్ని. ఏడాదిలో నగదు ఎక్కువగా వచ్చేది అప్పుడే. మళ్లీ చలి ముదిరే ముందు మాంసానికి పశువుల్ని అమ్మినప్పుడు కొంత వస్తుంది. కానీ ఖర్చులు ఆ రెండు కాలాలను చూసుకొని రావు. సెప్టెంబర్ 1న బళ్లు తెరుస్తారు. ఆరేళ్ల పిల్లను సుమ్ కేంద్రంలోని హాస్టల్లో దింపాలి. బట్టలు, బూట్లు కొనాలి. ఫిబ్రవరి ప్రాంతంలో వాళ్ల సంవత్సరాది, త్సగాన్ సర్, వస్తుంది. వచ్చిన ప్రతి చుట్టానికీ పెట్టుపోతలుంటాయి. అప్పటికి చేతిలో పైసా ఉండదు. ఉన్ని రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది.

మన కూలీ కుటుంబానికి ఆగస్టు ఎలాంటిదో వాళ్లకు ఫిబ్రవరి అలాంటిది. ఆ నెలలో ఎవరో ఒకరి దగ్గర చెయ్యి చాచాల్సిందే. దుకాణదారు దగ్గర చాస్తే, రాబోయే ఉన్నిని అతను చెప్పిన ధరకే రాసివ్వాల్సి వస్తుంది. మన రైతు పంట చేతికి రాకముందే కమీషన్ కొట్టుకు కట్టుబడిపోవడం లాంటిదే ఇది.

సంఘాలు ఎలా పుట్టాయి

1950ల చివరికి మంగోలియాలో దాదాపు పశుపోషకులందరినీ నెగ్దెల్ అనే సమష్టి సంఘాల్లో చేర్చారు. పశువుల్లో ఎక్కువ భాగం సంఘానివి. కాపరికి జీతం వచ్చేది. ఎండుగడ్డి, పశువైద్యం, రవాణా సర్కారు చూసుకునేది. 1990లో రాజకీయ వ్యవస్థ మారింది. తర్వాతి మూడు నాలుగేళ్లలో నెగ్దెళ్లు రద్దయ్యాయి. పశువులు కుటుంబాలకు పంచారు. పశువులతో పాటే నష్టభయం కూడా కుటుంబాల మీదే పడింది. పల్లెల్లో శాఖలున్న వ్యవసాయ బ్యాంకు ఆ దశాబ్దం చివరికి దివాలా అంచుకు చేరింది. 2000లో దాని నిర్వహణను బయటివారికి అప్పగించి నిలబెట్టారు. 2003లో ప్రైవేటువారికి అమ్మారు. ఈనాటి ఖాన్ బ్యాంకు అదే.

బ్యాంకు మీద ఆశ సన్నగిల్లిన ఆ రోజుల్లోనే పొదుపు పరపతి సహకార సంఘాలు మొదలయ్యాయి. వీటిని అక్కడివారు హద్గలమ్జ్ జేలీన్ హోర్షో అంటారు. పొదుపు, అప్పు, సహకారం, ఈ మూడు మాటలూ పేరులోనే ఉన్నాయి. సభ్యులు వాటా ధనం కట్టాలి. మిగిలినప్పుడు దాచుకోవాలి. అవసరమైనప్పుడు తీసుకోవాలి. ఎంత దాచినవారికైనా ఓటు ఒక్కటే.

గది లోపల

ఇప్పుడు ఒక సుమ్ కేంద్రంలో అలాంటి సంఘం గదిలోకి వెళ్దాం. పెద్ద భవనాన్ని ఊహించుకోకండి. ఒక గది, ఒక పొయ్యి, ఒక బల్ల, ఒక ఇనప్పెట్టె, గోడకు సభ్యుల జాబితా. వచ్చినవాళ్లకు ముందు ఉప్పు వేసిన పాల టీ ఇస్తారు. అది ఆ దేశం మర్యాద.

బల్ల దగ్గర లెక్కలు రాసే మనిషి ఉంటారు. అప్పు ఇవ్వాలా వద్దా అన్నది ఆ మనిషి ఒక్కరే తేల్చరు. దానికి సభ్యులు ఎన్నుకున్న రుణ సంఘం వేరే ఉంటుంది. ఆ ఇద్దరి మీదా కన్నువేసి ఉంచే పర్యవేక్షణ సంఘం ఇంకొకటి. డబ్బు పట్టుకునే చెయ్యి, మంజూరు చేసే చెయ్యి, తనిఖీ చేసే చెయ్యి వేరు వేరుగా ఉండాలన్నది మొదటి సూత్రం. మా చేబదులు నిధిలో ఈ మూడు చేతులూ ఒకే మేస్టారివి.

ఒక పశుపోషకుడు అప్పు కోసం వచ్చాడనుకుందాం. ఏమడుగుతారు? పశువులెన్ని, ఎప్పుడు కడతావు, పూచీ ఎవరు? మొదటి ప్రశ్నకు అబద్ధం చెప్పడం కష్టం. ఆ దేశంలో ప్రతి డిసెంబరులోనూ పశువుల లెక్క తీస్తారు. ఎవరి మంద ఎంతో ఊళ్లో అందరికీ తెలుసు. రెండో ప్రశ్నకు జవాబు ఉన్ని కాలం. కాబట్టి వాయిదాను నెల నెలా కాకుండా డబ్బు వచ్చే నెలకు పెట్టాలి. మూడో ప్రశ్నకు జవాబు పక్క గుడారం. కలిసి మంద కాసేవారు ఒకరికొకరు పూచీ నిలబడతారు.

ఇందులో మాకు బాగా నచ్చిన సంగతి మరొకటి ఉంది. సుమ్ కేంద్రంలో నెలజీతం వచ్చేవాళ్లు ఉపాధ్యాయులు, ఆసుపత్రి సిబ్బంది, పింఛనుదారులు. వీళ్లు కూడా సభ్యులుగా ఉంటే శీతాకాలంలో వీళ్ల పొదుపు పశుపోషకుడికి అప్పుగా వెళ్తుంది. వసంతంలో ఉన్ని అమ్మిన పశుపోషకుడు బాకీ తీర్చి మిగిలింది దాచుకుంటే, ఆ పొదుపు వేసవి చివర ఉపాధ్యాయుడికి అప్పుగా వెళ్తుంది. అందరికీ ఒకే నెలలో డబ్బు వచ్చి, ఒకే నెలలో అవసరమైతే సంఘం నడవదు. రకరకాల వృత్తులవాళ్లు కలిస్తేనే నడుస్తుంది. కేవలం పేదలకే సంఘం పెట్టాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

2006 చెప్పిన పాఠం

ఇంతవరకు మంచి చెప్పాం. చెడు కూడా చెప్పకపోతే అది పాఠం కాదు. 2000 తర్వాత ఈ సంఘాలు వందల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. పెట్టడం తేలిక, చూసేవారు లేరు. రాజధానిలో కొన్ని సంఘాలు పేరుకు సహకార సంఘాలే గానీ, నలుగురు వ్యక్తుల సొంత దుకాణాల్లా నడిచాయి. ఎక్కువ వడ్డీ ఆశ చూపి ఎవరు తెచ్చినా డిపాజిట్లు తీసుకున్నాయి. ఆ డబ్బును నిర్వాహకులు తమ వ్యాపారాలకే వాడుకున్నారు. 2006లో వరసగా కూలిపోయాయి. జీవితమంతా కూడబెట్టుకున్నవాళ్లు ఆ డబ్బు కోసం వీధిలో నిలబడాల్సి వచ్చింది.

అదే ఏడాది ఆర్థిక నియంత్రణ సంఘం ఏర్పడింది. సంఘాల లైసెన్సు, తనిఖీ దాని చేతికి వచ్చాయి. 2011లో ఈ సంఘాలకంటూ ప్రత్యేక చట్టం చేశారు. వేళ్లు కాలిన తర్వాత వచ్చిన చట్టాలు ఇవి.

మన తెలుగు పాఠకులకు ఇది కొత్త కథ కాదు. చీటీ కట్టి మోసపోయిన ఇల్లు ప్రతి వీధిలోనూ ఉంటుంది. మతం పేరు, మంచితనం పేరు చెప్పి డిపాజిట్లు సేకరించి మాయమైనవారి గురించి కూడా మనం పేపర్లలో చదివాం. మనిషి మంచివాడు కదా అని పద్దు అడగకపోవడం మర్యాద అనుకుంటాం. అది మర్యాద కాదు. ఆ మంచివాణ్ణి అనుమానం నుంచి కాపాడేది కూడా ఆ పద్దే.

జుద్ వచ్చిన ఏడు

మంగోలియా పశుపోషకులు భయపడే మాట జుద్. చలికాలంలో మంద పెద్దఎత్తున చచ్చిపోయే విపత్తు అది. మంచు మందంగా కప్పేస్తే తెల్ల జుద్. కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి గడ్డి మీద పలకలా పరుచుకుంటే ఇనుప జుద్. అసలు మంచే పడక తాగడానికి నీళ్లు లేకపోతే నల్ల జుద్. 1999 నుంచి 2002 వరకు మూడు చలికాలాలు వరసగా జుద్ వచ్చి కోటికి పైగా పశువులు పోయాయి. 2009-10లో ఒక్క చలికాలంలోనే కోటి దాకా పోయాయి. 2023-24లో 70 లక్షలకు పైగా పోయాయి.

అప్పుడు సంఘానికి ఏమవుతుంది? బాకీ ఉన్నవాడి మంద పోయింది. పూచీ నిలబడ్డ పక్క గుడారం మంద కూడా పోయింది. ఒకరి కష్టాన్ని పదిమంది పంచుకోవడం కుదురుతుంది. అందరికీ ఒకేసారి వచ్చే కష్టాన్ని ఊళ్లోవాళ్లే పంచుకోలేరు. దీన్ని గుర్తించి 2006 ప్రాంతంలో ప్రపంచ బ్యాంకు సాయంతో మూడు ఐమగ్‌లలో కొత్తరకం పశు బీమా మొదలుపెట్టారు. తర్వాత దేశమంతటికీ విస్తరించారు. ఇందులో ఒక్కో పశువు చావునూ లెక్కించరు. ఆ సుమ్‌లో మొత్తం మీద చావులు ఒక హద్దు దాటితే బీమా కట్టినవారందరికీ పరిహారం వస్తుంది. కాబట్టి మంద మీద శ్రద్ధ తగ్గదు. తన పశువుల్ని బతికించుకున్నవాడికీ పరిహారం అందుతుంది కదా.

అప్పుతోనే అన్నీ బాగుపడవని కూడా ఇక్కడే నేర్చుకోవాలి. నగదు మేకతోనే వస్తుంది కాబట్టి అందరూ మేకల్ని పెంచారు. 1990లో దాదాపు 50 లక్షలున్న మేకలు 2019 నాటికి 2 కోట్ల 90 లక్షలు దాటాయి. గడ్డి మైదానం మాత్రం పెరగలేదు. గడ్డి పలచబడితే జుద్ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కాబట్టి అప్పు ఎంత ఇచ్చామన్నది చాలదు, దేనికి ఇచ్చామన్నదీ చూడాలి.

వడ్డీ సంగతి

మీలో చాలామంది ఈపాటికి అడగాలనుకుంటున్న ప్రశ్న ఇది. ఆ సంఘాల్లో వడ్డీ ఉంది కదా? ఉంది. దాన్ని దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు. ఆ వడ్డీ మనకు ఆదర్శం కాదు. కానీ అది అక్కడ ఏ పని చేస్తోందో తెలుసుకోవాలి. అది మూడు పనులు చేస్తోంది. ఒకటి, దాచుకున్నవారికి ప్రతిఫలం ఇస్తోంది. రెండు, లెక్కలు రాసేవారి జీతం, గది అద్దె, పుస్తకాల ఖర్చు భరిస్తోంది. మూడు, తిరిగిరాని బాకీల గుంట పూడుస్తోంది.

మనం వడ్డీ లేకుండా ఖర్జె హసనా ఇవ్వాలనుకుంటే ఈ మూడు పనులూ మాయమైపోవు. ఇంకెవరో చెయ్యాలి. మొదటిదాన్ని సభ్యులు అల్లాహ్ ప్రసన్నత కోసం వదులుకుంటారు. రెండోది, మూడోది? మా చేబదులు నిధి ఆగిపోయింది సరిగ్గా అక్కడే. ఆ రెండింటికీ మేము ఎవరినీ అడగలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. లక్ష రూపాయల నిధి ఉంది. పదివేల చొప్పున పది కుటుంబాలకు ఇచ్చాం. నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో కట్టాలి. ప్రతి ఏడూ పదింట ఒక వంతు తిరిగి రాలేదనుకుందాం. రెండో ఏడు 90,000, మూడో ఏడు 81,000, నాలుగో ఏడు 72,900, ఐదో ఏడు 65,610 మాత్రమే ఇవ్వగలం. ఐదేళ్లలో మొత్తం 4,09,510 రూపాయల అప్పులు ఇచ్చినట్టవుతుంది. లక్ష పెట్టి నాలుగు లక్షల పని చేశామని సంతోషించవచ్చు. కానీ నిధి మూడో వంతు కరిగిపోయింది. అదే ఒక దాత ఏటా ఆ కరిగినంత, అంటే పదివేలు, నింపితే నిధి ఎప్పటికీ లక్షగానే ఉంటుంది. ఏటా పది కుటుంబాలు నూటికి ఐదు వడ్డీ నుంచి బయటపడతాయి.

దాత ఎక్కడ నిలబడాలి

ఈ రకం సంఘాలకు మూలపురుషుల్లో ఒకరైన జర్మనీ దేశస్థుడు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ కథ దాతలందరూ తెలుసుకోవాలి. 1846-47 కరువులో ఒక చిన్న ఊరికి మేయరుగా ఉన్న ఆయన ధనవంతుల సాయంతో పేదలకు రొట్టె అందించాడు. తర్వాత రైతుల కోసం సంఘాలు పెట్టాడు. అవి కూడా కలిగినవారి దాతృత్వం మీదే నడిచాయి. కొన్నేళ్లకు దాతల ఉత్సాహం తగ్గింది. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో పద్ధతి మార్చాడు. అప్పు తీసుకునేవాడే సభ్యుడు, అతనే బాధ్యుడు.

ఆ పద్ధతిని మన ప్రాంతానికీ తేవాలని 1890లలో మద్రాసు ప్రభుత్వానికి నివేదిక ఇచ్చినవాడు ఫ్రెడరిక్ నికల్సన్. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. 1904లో దేశంలో మొదటి సహకార పరపతి చట్టం వచ్చింది. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. కాబట్టి ఈ విద్య మనకు పరాయిది కాదు.

అయితే దాత అవసరం లేదా? ఉంది, కానీ చోటు మారుతుంది. నిధి సభ్యులదిగా ఉండాలి. నెలకు వందో రెండువందలో తన సొంత డబ్బు అందులో ఉన్నప్పుడే ఎగవేతను సభ్యుడు సహించడు. మేస్టార్ల డబ్బయితే మొహమాటం, ధీమా. తమ డబ్బయితే పద్దు, జవాబుదారీ. దాత డబ్బు ఆ నిధి చుట్టూ గోడలా నిలవాలి. లెక్కలు రాసేవారి జీతానికి, ఏటా ఆడిట్‌కు, నిజంగా దెబ్బతిన్నవారి బాకీ పూడ్చడానికి అది కావాలి. భర్త చనిపోయిన ఇల్లాలికి, ఆటో కాలిపోయినవాడికి వచ్చిన కష్టం వాళ్ల ఇంటి జుద్. అలాంటివారిని వాయిదా అడగకూడదు. అప్పుల్లో మునిగినవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఉన్నారని మీకు తెలుసు. ఏ సొమ్ము ఏ ఖాతాలో వేయాలన్నది ఉలమాను అడిగి తేల్చుకోవాలి. మేము ఉపాధ్యాయులం, ఫత్వా చెప్పేవాళ్లం కాము. ఖాతాలు మాత్రం కలపకూడదని గట్టిగా చెప్పగలం.

అప్పు తీర్చగలవాడికి దానం ఇస్తే అతని తల వంచినవాళ్లమవుతాం. తీర్చలేనివాడికి అప్పు ఇస్తే అతన్ని ఇంకా ముంచినవాళ్లమవుతాం. ఎవరు ఎటువైపో కనుక్కోవడమే మన పని. మంగోలియా సంఘం అడిగే మూడు ప్రశ్నలు అందుకే.

కలిసి ఆలోచించడానికి

పాఠం చివర ప్రశ్నలివ్వడం మా అలవాటు. ఈ సంచిక ఇంటికి తీసుకెళ్లి, వచ్చే సమావేశానికి జవాబులతో రండి.

1. మన పేటలో డబ్బు లేని నెల ఏది? ఎవరెవరికి? ఆ నెలలో ఎవరికి డబ్బు ఉంటుంది?
2. డబ్బు పట్టేవారు, మంజూరు చేసేవారు, తనిఖీ చేసేవారు మన సంస్థలో వేరు వేరుగా ఉన్నారా?
3. తీసుకున్నవారి సొంత పొదుపు ఎంత ఉంటే వారు సభ్యులనిపించుకుంటారు?
4. వాయిదాను నెలకు పెట్టాలా, పని దొరికే కాలానికి పెట్టాలా?
5. కష్టం వచ్చి కట్టలేనివారిని, ఉండీ కట్టనివారిని విడదీసి చెప్పేది ఎవరు?

మా బడి నుంచి వెళ్లిపోయి మెకానిక్ షాపులో చేరిన ఆ కుర్రాడు ఇప్పటికీ దారిలో కనబడితే నిలబడి సలాం చెబుతాడు. చేతులనిండా నల్లటి ఆయిలు. చెడ్డ పని కాదు, నేర్చుకుంటున్నాడు. కానీ అది అతను కోరుకున్నది కాదు. నెలకు అయిదువందల వడ్డీ అతన్ని అక్కడ చేర్చింది. వచ్చే ఆగస్టులో అలాంటి ఇంకొక కుర్రాడి హాజరు మా పట్టీలో చెరిగిపోకుండా ఉండాలంటే, పుస్తకాలతో పాటు ఆ పద్దు పుస్తకం కూడా మనమే తెరవాలి.